ఏ చుక్క అని అడిగిన మా అత్త

మా అత్త చనిపోయిందన్న కబురు బడి గంట కొట్టే వేళకు నాకు అందింది. అప్పటిదాకా ఆ పొద్దు అన్ని పొద్దుల మాదిరే గడిచింది. దాన్ని గురించే ముందు రాస్తాను. ఆమె లేని లోకంలో, ఆమె లేదని తెలియకుండా, నేను బతికిన మొదటి పొద్దు అది.

మార్కాపురంలో నేనుండే ఇంటి వెనక చిన్న పెరడు ఉంది. చీకటితోనే లేచి, గడియ తీసి, అక్కడికి వచ్చి నిలబడినాను. ప్రార్థనకు మోకరించే ముందు తూర్పుకు ఒకసారి చూడడం నాకు చిన్ననాటి అలవాటు. మబ్బు లేదు. పిల్లలకోడి నడినెత్తికి ఎక్కుతూ ఉంది. పిల్లలకోడి అంటే తల్లీ పిల్లలూ ఒక్కచోట ముడుచుకున్నట్లుండే చిన్న చుక్కల గుంపు. దానికి కింద, తూర్పు వైపు, గొర్రుకొయ్యలు మూడూ వరసగా నిలబడి ఉన్నాయి. వేగుచుక్క లేదు. ఈ నెలల్లో పొద్దున పూట అది ఉండదు. ఉండదని తెలిసి చూడడం కూడా చూడడమే అని మా అత్త అనేది.

మోకరించి నా తమ్ముళ్ళ పేర్లు, వాళ్ళ పిల్లల పేర్లు, మా అత్త పేరు దేవుని ముందర పెట్టినాను. ఆమె కీళ్ళనొప్పులు తగ్గించమని అడిగినాను. ఆ వేళకు ఆమెకు ఏ నొప్పీ లేదు.

తర్వాత పొయ్యి రాజేసి నీళ్ళు పెట్టినాను. రాత్రి మిగిలిన సంగటి మజ్జిగలో పిసుక్కొని తాగినాను. పాలామె వచ్చి చెంబు గడప మీద పెట్టి, "ఏం పంతులమ్మా, పొద్దున్నే ఆకాశం చూస్తాంటివే, వాన ఎప్పుడొస్తాదంట?" అనింది.

"చుక్కలకు వాన సంగతి తెలియదు చెల్లెలా. మబ్బును అడుగు."

"మబ్బు కనపడితే కదమ్మా అడిగేది!"

ఇద్దరం నవ్వుకున్నాం. రెండు చీరలు ఉతికి తీగె మీద ఆరేసినాను. బడికి పోయి తలుపులు తీసినాను. ఆడపిల్లలు పలకలు తుడుచుకుంటూ ఉన్నారు. గంట తాడు చేతికి తీసుకున్నప్పుడు మా పెద్ద తమ్ముని బామ్మర్ది వాకిట్లో కనపడినాడు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకొని ఉన్నాడు. చూడగానే తెలిసింది.

"అక్కా, అత్త పోయింది. తెల్లారగట్ల. నిద్రలోనే."

నేను గంట కొట్టినాను. పిల్లలు లోపలికి పోవాల కదా. కొట్టి, తాడు కొక్కేనికి తగిలించి, "మట్టి చేసేది ఎప్పుడు?" అని అడిగినాను.

"అదే అక్కా. బావ నిన్ను తొందరగా రమ్మన్యాడు. సంఘపెద్ద ఒక మాట అడిగినాడు. మనింట్లో ఒకరు సంఘం ముందర నిలబడి, ఆమె చివరికి తప్పు ఒప్పుకున్నాదని చెప్పాలంట. చెప్తే సమాధుల తోటలో చోటిస్తారంట, గంట కొడతారంట. లేకుంటే లేదంట."

"ఒప్పుకున్నాదా?"

"యాడ ఒప్పుకుంటాది అక్కా!" అని, అంత దుఃఖంలోనూ ఆ మనిషి నవ్వినాడు.

సమాధుల తోటలో మా నాయన ఉన్నాడు. ఆయన పక్కన ఒక మనిషికి చాలినంత నేల అట్లనే వదిలి ఉంది. కిందటి ఎండాకాలం నేను పోయినప్పుడు మా అత్త కొంగు నడుముకు చెక్కుకొని అక్కడ కలుపు పీకుతూ ఉంది. "మా అన్న పక్కన పండుకోవాలని ఉంది పాపా" అనింది. అంతే. ఏం చేసి అయినా సరే అనలేదు. అడుక్కోవద్దు అనీ అనలేదు. మోటారులో కంభం దాకా, అక్కడి నుంచి ఎద్దులబండిలో అర్ధవీడు దాటి మా పాలెం దాకా, ఆ ఒక్క మాటనే ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను.

ఆమె ఒప్పుకోని తప్పు ఏందో చదివేవాళ్ళకు చెప్పాల.

మా అత్త మా నాయనకు చెల్లెలు. పెండ్లయిన కొన్నాళ్ళకే మొగుడు పోతే మా ఇంటికి వచ్చేసింది. మా అమ్మ చిన్న తమ్ముణ్ణి కని పోయింది. మమ్మల్ని ముగ్గుర్నీ పెంచింది అత్తే. మాది కూలి చేసుకొని బతికే క్రైస్తవుల పాలెం. ఊళ్ళో ఒక పెద్ద ఆసామి ఉండేవాడు. పని అంతా ఆయన చేలల్లోనే. పాలెంలో గడియారం లేదు. ఆసామి ఇంట్లో ఒకటి ఉందని చెప్పుకునేవాళ్ళు, దాని చప్పుడు మా దాకా ఎన్నడూ రాలేదు. మమ్మల్ని లేపేవాడు కూలి మేస్త్రి. మేస్త్రిని లేపేది వేగుచుక్క. "వేగుచుక్క పొడిచింది, లెయ్యండమ్మో!" అని కర్రతో మా తడికెలు కొట్టుకుంటూ పోయేవాడు.

అత్త నాకు చుక్కలు నేర్పాలని అనుకోలేదు. అప్పటికి ఆమెకే రావు. పేర్లయితే పాలెంలో అందరికీ తెలుసు. పేరు తెలుసు కాబట్టి ఎవరూ తలెత్తి చూసేవాళ్ళు కాదు. మొగుడు పోయిన కాడి నుంచి ఆమెకు తెల్లవారుజాముకు ముందే మెలకువ వచ్చేది. వచ్చి ఇంటి ముందర బండ మీద కూర్చునేది. ఒకరోజు నేనూ లేచి పోయి పక్కన కూర్చున్నాను.

"చుక్కలు లెక్కపెడతాండావా అత్తా?"

"లెక్క దేనికే, అమ్ముకుంటామా?"

అట్ల మొదలైంది మా చదువు. గురువు లేడు. ఇద్దరమూ కొత్తవాళ్ళమే.

అన్నీ ఒక్కసారి తెలుసుకోవాలని నా ఆత్రం. అదేంది ఇదేంది అని ఆకాశమంతా వేలు తిప్పేదాన్ని. ఆమె నా చెయ్యి పట్టి దించింది. "కొత్త కోడలికి ఊళ్ళో ఇండ్లన్నీ ఒక్కరోజే తెలుస్తాయా? ఒక ఇల్లు గుర్తుపెట్టుకో. అది తెలిస్తే పక్కిల్లు తెలుస్తాది." మేము గుర్తుపెట్టుకున్న మొదటి ఇల్లు గొర్రుకొయ్యలు. ఆ మూడు చుక్కల వరస పట్టుకొని పైకి పోతే ఎర్రగా ఒకటి కనపడుతుంది. ఇంకా పైకి పోతే పిల్లలకోడి. అదే వరస పట్టుకొని కిందికి దిగితే తెల్లగా మండే పెద్ద చుక్క ఒకటి ఉంది. దానికి మా పాలెంలో పేరు లేదు. నేను దిగులు పడితే, "పేరు లేకుంటే పోయె, ఇల్లు తెలిసింది కదా" అనింది.

తర్వాత నేర్చుకున్నది, కూర్చునే చోటు మార్చకూడదని. మా గొడ్లపాక ముందర రెండు గుంజలు ఉండేవి. బండ మీద ఒకే మూలన కూర్చొని ఆ గుంజల సందులోనుంచి తూర్పుకు చూసేవాళ్ళం. నిన్న తెల్లారబోయే వేళ సందులో ఉన్న చుక్క ఈ రోజు అదే వేళకు పిసరంత పైకి పోయి ఉండేది. ఒక్కరోజులో తెలియదు. వారం పోతే తెలుస్తుంది. నెల పోతే ఆ చుక్క సందులో ఉండదు, గుంజలకు చానా పైన ఉంటుంది. చుక్కలు ప్రతి రోజూ నిన్నటికంటే ముందు లేస్తాయని ఆ రెండు గుంజలు మాకు చెప్పినాయి. ఇది పుస్తకాల్లో ఉంటుందని పంతులమ్మ చదువుకు పోయినాక తెలిసింది నాకు. మాకు మాత్రం గొడ్లపాకలో దొరికింది.

నేను చేసిన తప్పులకు ఆమె బాగా నవ్వేది. ఒకరోజు పడమటి వైపు నల్లమల మీద ఎర్రగా ఒక చుక్క చూసి, కొత్తది దొరికిందని ఎగిరినాను. అది రోజూ ఒక్కచోటనే ఉంటుందని గర్వంగా చెప్పినాను కూడా. నాలుగు నాళ్ళు నన్ను చెప్పనిచ్చి, "మేకలోళ్ళ మంట అది. రేపు పోయి నిప్పు తెచ్చుకో, పొయ్యిలోకి పనికొస్తాది" అనింది.

చుక్కల్లో కొన్ని రెప్పలు కొడతాయి, కొన్ని కొట్టవు. కొట్టనివి కొన్నే. అవి ఇల్లు మారుతూ ఉంటాయి. ఈ నెల ఒక చుక్క పక్కన ఉన్నది, కొన్ని నెలలకు ఇంకోదాని పక్కన ఉంటుంది. వాటికి ఆమె పెట్టిన పేరు తిరుగుబోతులు. "రెప్ప కొట్టకుండా చూస్తాంది చూడు, సిగ్గులేనిది. అదే తిరుగుబోతు." ఆ మాట విని మా నాయన, "ఆడపిల్లకు నేర్పే మాటలా ఇవి?" అని కసిరేవాడు. కసిరి, తనూ తలెత్తి చూసేవాడు.

ఇక వేగుచుక్క సంగతి. తెల్లారగట్ల తూర్పున వెలిగేది వేగుచుక్క, పొద్దుగూకినాక పడమర వెలిగేది సందెచుక్క. రెండూ వేరు వేరని పాలెమంతా అనుకునేది, మేమూ అట్లనే అనుకున్నాం. ఒక యేడు సందెచుక్క రోజురోజుకూ నల్లమల వైపు జారి, పొద్దు వెలుగులో కలిసిపోయి కనపడకుండా పోయింది. కొన్నాళ్ళకే తూర్పున వేగుచుక్క లేచింది. అత్త ఒకసారి పడమటికి, ఒకసారి తూర్పుకు తిరిగి చూసింది. తర్వాత, "ఇద్దర్నీ ఒక్క రోజు ఎప్పుడన్నా చూసినామా పాపా?" అని అడిగింది. లేదు. ఎన్నడూ లేదు.

"అయితే ఒకటేనా అత్తా?"

"ఒకసారి చూస్తే చూసినట్లు కాదు. మళ్ళీ అట్లనే అయితే అప్పుడు మాట్లాడదాం."

మళ్ళీ అట్ల అయ్యేదానికి ఏడాదిన్నర పైగా పట్టింది. అప్పటిదాకా ఆమె ఆ మాట ఎవరితోనూ అనలేదు. రెండోసారి కూడా సందెచుక్క పడమర మునిగి, తూర్పున వేగుచుక్కయి లేచినాకే, "ఒక్క మనిషే. పొద్దుకు కూతవేటు దూరం దాటి పోదు. ఒకసారి ముందర నడుస్తాది, ఒకసారి వెనక నడుస్తాది" అని చెప్పింది. అంటే అది సాయంకాలం పడమర ఉండే నెలల్లో పొద్దున తూర్పున ఉండదు. ఉండడానికి వీల్లేదు. ఇంతే ఆమె కనుక్కున్నది. ఆమె జీవితమంతా మోసిన తప్పు కూడా ఇదే.

జొన్నకోతల కాలం అది. కోతలు మొదలైన నాడు మేస్త్రి మమ్మల్ని సరైన వేళకే లేపినాడు. తూర్పున మంచి వెలుగు చుక్క ఒకటి పొడుస్తూ ఉంది. దాన్ని చూసి ఆయన లేచినాడు, ఆయన్ను చూసి మేము లేచినాం. రోజులు గడిచేకొద్దీ ఆ చుక్క ముందు లేచింది. దానితోపాటు మేస్త్రీ ముందు లేచినాడు. కోతలు సగానికి వచ్చేసరికి మేము చేనికి చేరినాక కూడా కంకి కనపడేది కాదు. ఆడవాళ్ళంతా చలికి కొంగులు కప్పుకొని గట్టు మీద ముడుచుకొని కూర్చునేవాళ్ళు.

"ఈ యేడు పొద్దుకు ఏమొచ్చిందే, ఇంత ఆలస్యం?"

"చలికి దానికీ బద్ధకం. దుప్పటి కప్పుకొని పండుకోనుంటాది."

"కోళ్ళకూ అదే రోగం. నిన్న మనం చేనికొచ్చినాక కూసినాయి."

నవ్వుకునేవాళ్ళు. చుక్క తప్పుతుందని ఎవరికీ తోచలేదు. పొద్దు తప్పుతుందని మాత్రం తోచింది. మేస్త్రికి ఆ తేడా తెలుసో తెలియదో నేను చెప్పలేను. ఎక్కువ కోత ఆసామి కళ్ళానికి చేరుతూ ఉండింది కాబట్టి తెలుసుకోవాల్సిన పని ఆయనకు లేదు.

మా పక్కింటికి అప్పుడే కాపురానికి వచ్చిన పిల్ల ఒకతె ఉండేది. నేను చిన్నమ్మా అని పిలిచేదాన్ని. ఆ మసకలో కొడవలి తప్పి ఆమె వేలు తెగింది. ఆ సాయంత్రం అత్త మా బండ మీద కూర్చొని ఆమె వేలికి గుడ్డ చుడుతూ ఉంది. చుట్టి, ముడి వేసి, తలెత్తింది. నల్లమల మీద సందెచుక్క దీపం మాదిరి వెలుగుతూ ఉంది.

"అదేంది పాపా?"

"సందెచుక్క."

"అంటే ఎవరు?"

"వేగుచుక్క."

"వేగుచుక్క ఈడుంటే, పొద్దున మనల్ని లేపింది ఎవరు?"

చిన్నమ్మ నొప్పి మరిచిపోయి మా ఇద్దరి మొహాలూ చూసింది. అత్త ఆ సాయంత్రమే ఇంటింటికీ పోయి ఆడవాళ్ళను పడమర చూడమని పిలిచింది. వివరంగా ఏమీ చెప్పలేదు. "దాన్ని బాగా చూసి పండుకోండి" అని మాత్రం చెప్పింది.

మరునాడు మేస్త్రి వచ్చి తడికె కొట్టినాడు. "వేగుచుక్క పొడిచింది, లెయ్యండమ్మో!"

లోపల నుంచే అడిగింది మా అత్త. "ఏ చుక్క?"

"ఏ చుక్కేంది? వేగుచుక్క!"

"వేగుచుక్క నిన్న సందెకాడ కొండ మీద దిగింది మేస్త్రీ. మేమంతా చూసినాం. అప్పుడే తూర్పుకు ఎట్ల వచ్చింది, రైలెక్కిందా?"

పక్క గుడిసెలో ఎవరో పక్కున నవ్వినారు. దాని పక్క గుడిసెలో ఇంకొకరు. నవ్వు పాలెం చివరిదాకా పోయింది.

"మరి ఆడ పొడిచింది ఏంది?" అని మేస్త్రి కర్ర ఎత్తి చూపించినాడు.

"అది ఇంకో తిరుగుబోతు. దాని వెంబడి నువ్వు పో. మాకు నిద్రుంది."

ఎవరూ లేవలేదు. చాప మీద పండుకొని నేను మేస్త్రి కర్ర చప్పుడు విన్నాను. ఆయన ఈ చివర నుంచి ఆ చివరకు కొట్టుకుంటూ పోయినాడు, ఆ చివర నుంచి ఈ చివరకు తిట్టుకుంటూ వచ్చినాడు. "ఆసామికి ఏం చెప్పాల నేను?" అన్నాడు చివరికి, గొంతు దించి.

"చుక్క మారిందని చెప్పు."

వెలుగు వచ్చినాక ఆడవాళ్ళందరూ లేచి, మొహాలు కడుక్కొని, తిని, చేనికి పోయినారు. పండిన జొన్న ఎదురుగా ఉంది. ఆసామి ఏం చేస్తాడు? కోయించుకున్నాడు. అత్తను మాత్రం మళ్ళీ పనికి పిలవలేదు. ఆమె నల్లమలలో కట్టెలు, కుంకుళ్ళు ఏరుకొని బతికింది. ఆ నాటి నుంచి పాలెంలో తడికెలు కొట్టడం ఆగింది. ఈ నెల ఫలానా చుక్క గుంజల సందులోకి వస్తే లేద్దాం, వచ్చే నెల ఇంకోటి అని ఆమె ఆడవాళ్ళకు చూపించేది. నేర్చుకున్నారు. అక్షరం రానివాళ్ళు నేర్చుకున్నారు.

మా ప్రార్థన ఇంటి దూలాలు ఆసామి ఇచ్చినవే. ఒక ఆదివారం ఆరాధన అయినాక అప్పటి సంఘపెద్ద మా అత్తను నిలబెట్టినాడు.

"చుక్కలు చూసి కాలం చెప్పడం జోస్యం. ప్రభువును నమ్ముకొని మనం ఇడిసిపెట్టి వచ్చినవాటిలో అదొకటి."

"మేస్త్రి కూడా చుక్కనే చూసి లేపినాడు కదన్నా. అది జోస్యం కాదా?"

"మేస్త్రి మన సంఘం కాదు."

"అయితే ఆయన చూసే చుక్క మంచిది, నేను చూసే చుక్క చెడ్డది."

"మాట తిప్పొద్దు. విధవరాలివి. చీకట్లో బయట ఏం పని నీకు? ఊళ్ళో తిరుగుబోతు అంటాండారు."

మా నాయన లేచినాడు. అత్త చెయ్యెత్తి ఆయన్ను కూర్చోమనింది. "తిరుగుబోతుల సంగతి నాకు బాగా తెలుసన్నా. ఏది యాడ తిరుగుతాదో చూపిస్తా, రేపు తెల్లారగట్ల వచ్చి నా పక్కన నిలబడు."

ఆడవాళ్ళ వైపు నవ్వు లేచింది. సంఘపెద్ద మొహం ఎర్రబడింది. అయినా ఆయన చెడ్డవాడు కాదు. మెత్తగానే అన్నాడు, "తప్పయిందని ఒక్క మాట అను తల్లీ. అయిపోతాది."

"ఏ తప్పు?"

ఆ నాటి నుంచి ఆమెను ప్రభువు బల్లకు, అంటే సంఘమంతా ప్రభువు పేరున రొట్టె పంచుకునేదానికి, దూరం పెట్టినారు. నెలకు ఒకసారి రొట్టె పళ్ళెం వరసలో వచ్చేది. చివరి వరసలో, తలుపు పక్కన, చాప మీద కూర్చొని ఉండేది మా అత్త. పళ్ళెం ఆమె ముందర ఆగేది. "ఏమ్మా?" అని అడిగేవాడు సంఘపెద్ద. "ఏ తప్పన్నా?" అని ఆమె అడిగేది. పళ్ళెం పోయేది. ఆ సంఘపెద్ద పోయి ఆయన కొడుకు సంఘపెద్ద అయినాడు. అదే పళ్ళెం, అదే ప్రశ్న, అదే జవాబు.

ఆమెకు బాధ లేదని ఎవరూ అనుకోవద్దు. బల్ల ఉన్న ఆదివారం అందరి మాదిరే తలంటుకొని, ఉపవాసం ఉండి, తెల్లచీర కట్టుకొని వచ్చేది. నేను రొట్టె తీసుకునేటప్పుడు నా వైపు చూసి తల ఊపేది. పంతులమ్మనై, నాలుగు మాటలు చదువుకున్నాక, కాలాలు తెలుసుకునేదానికే కదా దేవుడు పైన ఆ దీపాలు పెట్టినాడు, ఇది నేను పోయి పెద్దలతో వాదిస్తానని ఆమెతో అన్నాను. "వాదించు. గెలిస్తే మంచిదే. గెలవకుంటే మాత్రం నా తరపున తల వంచొద్దు" అనింది.

వాదించినాను. గెలవలేదు.

మధ్యాహ్నానికి పాలెం చేరినాను. ఆమెను నడింట్లో చాప మీద పండుకోబెట్టినారు. తెల్లచీర కట్టినారు. తలకాడ కూర్చొని ప్రార్థన చేసినాను. ఈమెకు చోటు కోసం ఈమె అనని మాట అన్నట్లు చెప్పాలా ప్రభువా అని అడిగినాను. మా ఇంట్లో పెద్దదాన్ని నేను. నిలబడి ఆ మాట చెప్పాల్సింది నేనే. కాబట్టి జవాబు వెదుక్కోవాల్సిందీ నేనే.

గిద్దలూరులో రైలు పట్టాల పని చేసే మా చిన్న తమ్ముడు వచ్చి పాదాల కాడ పడి ఏడ్చినాడు. అమ్మను చూడని బిడ్డ వాడు. వాడికి అమ్మ ఈమే. పొద్దు వాలినాక ముగ్గురమూ వసారాలో కూర్చున్నాం. సంఘపెద్ద కూడా వచ్చి గడప బయట నిలబడినాడు.

"అక్కా, ఆమె మీద నాకు కోపం లేదు. మా నాయన పెట్టిన కట్టు ఇది. మీరొక్క మాట చెప్తే నేనే గంట కొడతా."

చిన్న తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. "చెప్పేద్దాం అక్కా. పోయిన మనిషికి ఒక మాట ఏం బరువు? నాయన పక్కన పండుకుంటాది. అదే కదా ఆమె అడిగింది."

నిజమే. అదే ఆమె అడిగింది.

పక్కింటి చిన్నమ్మ లోపల ఆడవాళ్ళలో కూర్చొని ఉంది. ఇప్పుడు ఆమె ముసలిది. చేతులు నేలకు ఊని లేచి గడప కాడికి వచ్చి మా చిన్న తమ్ముని వైపు తిరిగింది. "అబ్బోడా, ఒకటి అడుగుతా చెప్పు. ఆ రోజు మీ అత్త ఒక్కతే పండుకోలేదు. మేమంతా పండుకొన్నాం. ఆమెది తప్పని మీరు ఒప్పుకుంటే, మాదీ తప్పే కదా. సంఘం వాళ్ళు మమ్మల్ని కూడా వరసగా నిలబెట్టి ఒప్పుకోమంటారా? నేను ఒప్పుకోను. రేపు నేను పోతే నన్ను కూడా సమాధుల తోట బయటనే పెట్టండి."

ఆమె వెనక ఇంకొక ముసలామె, "నన్నూ" అనింది. చీకటి ఇంట్లో ఎవరు ఎవరో కనపడలేదు. నన్నూ నన్నూ అని మాటలు మాత్రం వినపడినాయి.

నేను సంఘపెద్దతో చెప్పినాను. "తమ్ముడా, చోటు వద్దు. ఆమె అనని మాట మేము అనం. మా నాయన పక్కన నేల అట్లనే ఖాళీగా ఉండనీ. చూసేవాళ్ళు ఎందుకని అడుగుతారు."

ఆయన రెండడుగులు పోయి వెనక్కి తిరిగినాడు. "రేపు నేను రావచ్చునా అక్కా?"

"రా. వస్తే గడ్డపార తెచ్చుకో."

ఆ సాయంత్రం మా ఇంట్లో అనుకున్నవి ఇవి. పాలెంలో సొంత నేల కొన్న మొదటి మనిషి మా పెద్ద తమ్ముడు. ఆ మెట్టచేనులో ఆమెను పెట్టాల. సమాధుల తోటలో కాకుంటే పాస్టరు రాడు కాబట్టి ప్రార్థన నేను చెయ్యాల. ఆడమనిషి సమాధి కాడ ప్రార్థన చెయ్యడం మా పక్క లేదు. ఇక ఉంటుంది. మొయ్యడానికి తమ్ముళ్ళిద్దరూ ముందర, ఆ రోజు లేవకుండా పండుకున్న ఆడవాళ్ళలో నడవగలిగినవాళ్ళు వెనక.

"గట్టు వార మూలన తవ్వుదాం. పైరు పోకుండా ఉంటాది" అన్నాడు పెద్ద తమ్ముడు. మోకాలెత్తు సజ్జ ఉంది చేనులో.

"మూలన దేనికి?" అన్నాడు చిన్న తమ్ముడు. అంతసేపూ ఒప్పుకుందామన్నవాడు వాడే. కళ్ళు తుడుచుకొని లేచి నిలబడినాడు. "నడిమధ్య పెట్టు అన్నా."

"దున్నేటప్పుడు అడ్డం రాదా?"

"రానీ. తిప్పుకొని పో."

పెద్ద తమ్ముడు చేను వైపు చూసినాడు. మెల్లగా తల ఊపినాడు. "తిప్పుకొని పోతా" అన్నాడు.

అట్ల తేలింది. నడిచేనులో ఒక మనిషి పండుకునేంత మేర సజ్జ పీకేస్తామని ఆడవాళ్ళు చెప్పినారు. ఇక ఏ యేడు దున్నినా, ఎద్దులు ఆమె కాడికి వచ్చేసరికి ఒక పక్కకు ఒరిగి నడవాల. నేరుగా వచ్చిన సాలు అక్కడ వంగి, ఆమె చుట్టూ తిరిగి, అవతల మళ్ళీ నేరుగా పోవాల.